మంగళవారం ఎవరికి?

మదనపల్లె,
3 జూన్ 2020

ప్రియమైన మీకు,

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకండి. మీరు ఫోన్ చేసిన ప్రతిసారీ అత్తయ్య స్పీకర్ పెట్టమంటారు, కొడుకు గొంతు తానూ వినాలని. ఆఫీసులోనే పడుకుంటున్న మీ స్టాఫంతా అటువైపు చెవులు రిక్కించి ఉంటారని మీరే చెప్పారు. ఇక మొగుడూ పెళ్ళాలం మాట్లాడుకోవడానికి చేతులు కడుక్కోవడం గురించి తప్ప ఏం మిగిలింది? దాసప్ప టమాటా వ్యాను వారం వారం కుప్పం వస్తోందని తెలిసి పెన్ను పట్టుకున్నాను. మామిడికాయ ఊరగాయ కూడా పంపుతున్నాను. మూత గట్టిగానే బిగించాను. అయినా ఉత్తరానికి నూనె అంటితే అది నా ప్రేమ అనుకోండి.

మా వీధిలో రెండిళ్ళకు జబ్బు తగిలి, వీధి మొదట్లో కర్రలు కట్టేశారు. మేమిద్దరం బాగానే ఉన్నాం. బాగాలేనిది నా అంగడే. ఉగాదికి ముందు దించిన షట్టరు దించినట్టే ఉంది. పార్లర్లకు అనుమతి వస్తుందంటున్నారు, ఎప్పుడో ఎవరికీ తెలియదు. మొన్న లోపలికెళ్ళి అద్దాలు తుడిచి, కాసేపు కుర్చీలో కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఆ కుర్చీలో ఎవరెవరినో కూర్చోబెట్టాను గానీ నేను కూర్చోలేదు. ఏడుపొచ్చింది.

బిల్డింగు ఓనరు ముద్దుకృష్ణ గారు వచ్చి వెళ్ళారు. మందుల షాపు పెడతామని ఎవరో ఆ గదిని అడుగుతున్నారట. ఈ కాలంలో మందులకున్న గిరాకీ కనుబొమలకు ఎక్కడిది? అయినా మంచిమనిషి, వెళ్ళగొట్టలేదు. "ఆషాడం దాటేదాకా సూస్తానమ్మా. శ్రావణంలో అంగడి నడస్తాంటే నీదే. మూతబడే ఉంటే మాత్రం నన్ను తప్పు పట్టుకోవద్దు" అన్నారు.

నా దగ్గర పని నేర్చుకున్న ఉజ్మా తెలుసు కదా, పక్కన పరుపుల అంగడి పీర్ సాహెబ్ కోడలు. ఎప్పుడు తెరుస్తామని రోజూ అడుగుతోంది. ఏం చెప్పను? మీరు మున్సిపాలిటీలో ఉన్నారు కదా, మీరే చెప్పండి.

వేళకు తినండి. కషాయం మరీ ఎక్కువ తాగకండి, మీకు వేడి చేస్తుంది.

మీ
అంబిక


కుప్పం,
9 జూన్ 2020

ప్రియమైన అంబికా,

ఊరగాయ అందింది. సీసా తెరిచేలోపే స్టాఫంతా పళ్ళేలతో వచ్చి నిలబడ్డారు. నాకు మిగిలింది మామిడి టెంకలు. అయినా ఆ రోజు అన్నం రుచిగా అనిపించింది.

నీకు శుభవార్త. పార్లర్లకు అనుమతి వచ్చేసింది. ఇంకో గొప్ప సంగతి కూడా ఉంది. మదనపల్లెలో ఒక రోజు, పుంగనూరులో మరో రోజు, కుప్పంలో ఇంకో రోజు అంగళ్ళు తెరుస్తుంటే జనం బండ్లేసుకుని ఊరి నుంచి ఊరికి తిరుగుతున్నారు. జబ్బు కూడా వాళ్ళ వెనకే ఎక్కి తిరుగుతోంది. అందుకని మూడు ఊళ్ళ కమిషనర్లూ కూడబలుక్కుని, మూడింటికీ ఒకే పట్టిక పెడదామన్నారు. చిన్న అంగళ్ళు బతకాలి, గుంపులు చేరకూడదు. ఆ పట్టిక తయారుచేసే పని ఎవరికిచ్చారనుకున్నావు? మీ ఆయనకే.

చాలా ఆలోచించి రాశాను. కిరాణా, కూరగాయలు రోజూ ఉంటాయి. బట్టలు, పాత్రలు, పరుపులు, టైర్లు, వాచీల అంగళ్ళకు సోమ, బుధ, శుక్రవారాలు. సెలూన్లు, పార్లర్లు, మాంసం అంగళ్ళకు మంగళ, గురు, శనివారాలు. ఆదివారం మొత్తం బంద్. రెండు జట్లకూ సమానంగా వచ్చాయి, ఎవరూ వంక పెట్టలేరు. కమిషనర్ గారు భుజం తట్టారు, దూరం నుంచే అనుకో.

ఇప్పుడు నా మనసులో మాట. శాంతిపురం రోడ్డులో ఒక ఇల్లు చూశాను. కింద రెండు గదులు, పైన ఒక గది, గాలి బాగా వస్తుంది. నిరుడు నన్ను ఇక్కడికి బదిలీ చేసినప్పటి నుంచి మనం ఆదివారం మొగుడూ పెళ్ళాలమైపోయాం. ఇప్పుడు ఆ ఆదివారమూ లేదు. ముద్దుకృష్ణ గారు అడుగుతున్నారు కదా, గది ఇచ్చేసి అమ్మను తీసుకుని వచ్చెయ్యి. మూడు ఊళ్ళ అంగళ్ళు తెరిపించేవాడు సొంత ఇంటి అంగడి మూయమంటున్నాడని నవ్వుకుంటావు. నవ్వుకో. నువ్వు లేకుండా తినే అన్నం మీద నాకు విసుగొచ్చింది.

నీ
ప్రదీప్


మదనపల్లె,
24 జూన్ 2020

ప్రియమైన పట్టిక గారికి,

మీ పట్టిక మా అంగడి వీధిలో గోడకు అంటించారు. పీర్ సాహెబ్ కళ్ళజోడు సవరించుకుని మొత్తం చదివి, ఇది రాసినాయన బట్టతల ఉన్న శాకాహారి అయ్యుండాలన్నారు. నేను నోరు మెదపలేదు. ఇంటి పరువు నా చేతిలో ఉంది కదా.

ఏమండీ, మంగళవారం కత్తెర పెట్టించుకునే ఆడది మన ఊళ్ళో ఎక్కడైనా ఉందా? షట్టరు ఎత్తి, పసుపు కుంకుమ పెట్టి, నేనూ ఉజ్మా సాయంత్రం దాకా ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. గురువారం ఒకావిడ వచ్చింది. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. నేను దారం చేతికి చుట్టుకునేసరికి ఉలిక్కిపడి లేచింది. "ఇయ్యాల బేస్తవారం కదమ్మా, మా అత్త సంపుతుంది" అని చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్ళిపోయింది. శనివారం ఏడుకొండలవాడిది. ఆ రోజు ఎదురుగా మోసిన్ మటన్ అంగడిలో ఈగలు కూడా ఉపవాసమే.

తల మీద నాలుగు వెంట్రుకలుంటే మీకు మంగళవారం గుర్తొచ్చేది. ఏనాడైనా ముక్క కొరికి ఉంటే శనివారం గుర్తొచ్చేది. ఈ రెండు పనులకూ జనం ఎగబడేది ఆదివారం. దానికి మీరే తాళం వేశారు. మూడు ఊళ్ళకూ ఒకేసారి వేశారు, అది మాత్రం మెచ్చుకోవాలి.

ఆషాఢం వచ్చింది. పెళ్ళైన కొత్తలో నన్ను పుట్టింటికి పంపిస్తే మీరు ఏదో పని ఉన్నట్టు మా కురబలకోట వీధిలో సైకిలేసుకుని తిరిగారు, గుర్తుందా? మా నాన్న చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఇప్పుడు ప్రభుత్వమే ఆషాఢం పెట్టింది. సైకిలేసుకుని వచ్చేంత దగ్గరలో మీరూ లేరు.

ఇక గొడవ పడే ఓపిక లేదండీ. ఒక మాట ఇస్తున్నాను. శ్రావణానికల్లా రోజులు మారితే అంగడి నడుపుతాను. మారకపోతే తాళంచెవి ముద్దుకృష్ణ గారి చేతిలో పెట్టి, అత్తయ్యను వెంటబెట్టుకుని మీ దగ్గరికి వచ్చేస్తాను. మళ్ళీ జన్మలో అంగడి మాట ఎత్తను, మిమ్మల్ని ఒక్క మాట అనను. పెన్ను మీ చేతిలోనే ఉంది. ఇంతకు మించి నేనేమీ అడగను.

మీ
అంబిక


కుప్పం,
1 జూలై 2020

ప్రియమైన అంబికా,

నీ ఉత్తరం చదువుతూ నవ్వుకున్నాను, తల కూడా తడుముకున్నాను. చివరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. నీ దగ్గర దాచడమెందుకు? నేనేమీ చేయకుండా చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు, నువ్వు వచ్చేస్తావు. ఆ సాయంత్రమే వెళ్ళి పైగదికి సున్నం కొట్టమని ఇంటాయనకు చెప్పి వచ్చాను. చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపట్టింది.

మరునాడు ఈశ్వరమ్మ అని ఒకావిడ ఆఫీసుకు వచ్చింది. బస్టాండు దగ్గర వాళ్ళాయన సెలూన్ నడుపుతాడు. వాకిట్లోనే నిలబడి మాట్లాడింది.

"సార్, మా ఆయప్ప రేపట్నుంచి గ్రానైటు పనికి పోతాండాడు. కత్తెర పట్టిన సెయ్యి రాళ్ళు మొయ్యగలదా? మంగళారం, శనారం ఎవురు సార్ తల ఇస్తారు? ఆ రోజులు ఎవురు రాసినారో ఆ సారుకు ఒక దండం పెట్టి అడిగిపోదామని వస్తి."

రాసింది నేనేనని చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నిజంగానే దండం పెట్టి వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి తిరుగుతూనే ఉన్నాను. మీ జట్టుకు మంచి రోజులివ్వాలంటే ఆ రోజుల్లో రద్దీ తగ్గాలి, అంటే ఇంకెవరో మంగళవారం, శనివారం తీసుకోవాలి. బట్టల వర్తకుల సంఘాన్ని అడిగితే, మంగళవారం కొత్త బట్ట ఎవరు కొంటారన్నారు. పాత్రల వాళ్ళను అడిగితే, శనివారం ఇనుము ఇంటికి తెచ్చుకుంటారా సార్ అని నాకే పాఠం చెప్పారు. మంగళవారాన్ని ఊరంతా పక్కింటి గడప మీదికి నెడుతోంది. ఆదివారమైనా తెరిపిద్దామంటే పుంగనూరు వాళ్ళు ససేమిరా అంటున్నారు, ఆ రోజు పారిశుద్ధ్యం వాళ్ళకు సెలవట. ఒక ఊరు కాదంటే మూడు ఊళ్ళకూ కాదన్నట్టే. వచ్చే నెల చూద్దాంలే అన్నారు మా కమిషనర్.

వచ్చే నెలంటే ఆషాఢం దాటిపోతుంది. దాటితే నీకే మంచిది కదరా అని నా లోపల ఒకడు అంటూనే ఉన్నాడు. వాడి నోరు మూయించడం మూడు ఊళ్ళను ఒప్పించడం కంటే కష్టంగా ఉంది.

నీ
ప్రదీప్


మదనపల్లె,
6 జూలై 2020

ప్రియమైన మీకు,

ఈశ్వరమ్మ సంగతి చదివి మనసంతా అదోలా అయింది. అంగడి గడప దగ్గర కూర్చుని ఉత్తరం ఉజ్మాకు చెబుతుంటే, పరుపుల్లో దూది కూరుతున్న పీర్ సాహెబ్ ఆ పని ఆపి విన్నారు. మొత్తం విని, ఎందుకింత రచ్చ అన్నట్టు చూశారు.

"మంగళారం అయితే మాకేందమ్మా? శనారం అయితే ఏంది? పరుపులకి, టైర్లకి, వాచీలకి ఏ రోజైనా ఒకటే. శుక్రారం నమాజుకని మధ్యాన్నమే అంగడి దించేస్తాము. ఆ సగం రోజు ఇచ్చి నిండు శనారం తీసుకుంటే మాకు లాభమే గదా."

మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను. "మమ్మల్ని యాడ పిలిచినారమ్మా? పెద్ద సంఘాలనే పిలిచినారు" అన్నారు. కోపంగా కూడా అనలేదు. ఏమండీ, మీ మీటింగుకు బట్టల వాళ్ళనూ పాత్రల వాళ్ళనూ పిలిచారు. మంగళవారం పట్టింపు లేని వాళ్ళు మూడు ఊళ్ళలోనూ వీధికి పదిమంది ఉన్నారు. వాళ్ళను అడగాలని మీకూ తోచలేదు, పక్క గోడకే ఉన్న నాకూ తోచలేదు.

ఆయన నాతో దానం చేస్తున్నట్టు మాట్లాడలేదు, అదే నాకు నచ్చింది. కోడలి పని నిలబడాలి కదా అని ముఖం మీదే చెప్పారు. పుంగనూరులో టైర్ల అంగళ్ళ వాళ్ళు, కుప్పంలో వాచీల వాళ్ళు ఆయనకు బంధువులట. అందరితో ఫోన్లో మాట్లాడేశారు. పుంగనూరులో మీ పెద్దలు కూర్చుంటే తామూ వస్తామన్నారు. ఇక పిలవడం మీ వంతు.

అయినా నేను అద్దాలు విప్పి దుప్పట్లలో చుట్టిపెట్టాను. ముద్దుకృష్ణ గారు మందుల షాపు వాళ్ళను తెచ్చి గది చూపించి వెళ్ళారు. వాళ్ళు గోడలు కొలుచుకుంటుంటే బయట నిలబడ్డాను. కుప్పం నీళ్ళు పప్పు ఉడకడానికి మంచివేనా అని అత్తయ్య కనుక్కోమన్నారు. చెప్పండి.

మీ
అంబిక


మదనపల్లె,
14 జూలై 2020

శ్రీ ప్రదీప్ గారికి, కుప్పం పురపాలక సంఘం,

నమస్కారములు.

పుంగనూరు మీటింగు బాగా జరిగిందని పీర్ సాహెబ్ చెప్పారు. అక్కడ మీరూ ఉన్నారని చెప్పారు. నీలం చొక్కా వేసుకున్నారట, బాగా చిక్కిపోయారట. మీటింగు మధ్యాహ్నానికే అయిపోయిందట.

పుంగనూరు నుంచి మనింటికి ఎంత దూరమండీ? పొయ్యి మీద పప్పు ఉడికేలోపు బండి వచ్చేస్తుంది. కర్రలు కట్టిన చోట నిలబడినా చాలు, మిద్దె మీద నుంచి చూసుకునేదాన్ని. మీరు అంతదాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయారని ఇంకొకరి నోటితో వినాల్సి వచ్చింది. అత్తయ్యకు చెప్పలేదు. ఆమె కూడా బాధపడటం ఎందుకు?

ఈసారి వ్యానులో ఊరగాయ లేదు.

ఇట్లు,
అంబిక


కుప్పం,
18 జూలై 2020

నా అంబికా,

ఎంత తిట్టినా పడతాను. ముందు జరిగింది విను.

పుంగనూరులో స్కూలు మైదానంలో బెంచీలు దూరదూరంగా వేసి కూర్చున్నాం. పీర్ సాహెబ్ తరఫు అంగళ్ళ వాళ్ళు మంగళ, గురు, శనివారాలు తీసుకుంటామని అందరి ముందూ చెప్పారు. బట్టల సంఘం వాళ్ళు నేల చూపులు చూశారు. ఆదివారం సంగతి తేల్చడానికి పారిశుద్ధ్యం మేస్త్రీనే పిలిచి అడిగాం. సగం మందికి ఆదివారం, సగం మందికి శుక్రవారం సెలవిస్తే తమకు అభ్యంతరం లేదన్నాడు. దీనికోసమా ఇన్నాళ్ళూ ఫోన్ల మీద పోట్లాడుకున్నది అనిపించింది. ఇక మూడు ఊళ్ళ కమిషనర్ల సంతకాలు కావాలి. ఆ కాగితాలు పట్టుకుని తిరగాల్సినవాణ్ణి నేను.

మా ఆఫీసులో ఒక రూలుంది. మదనపల్లెలో అడుగుపెట్టి వచ్చిన స్టాఫు ఎవరైనా రెండు వారాలు గదిలో కూర్చోవాల్సిందే. మదనపల్లె మనుషులతో మధ్యాహ్నం దాకా మాట్లాడాను కదా అంటావు. రూలుకు ఊరు కనిపిస్తుంది గానీ మనుషులు కనిపించరు.

బండి పుంగనూరు సర్కిల్లో ఆపాను. మదనపల్లె రోడ్డు ఖాళీగా ఉంది. నేను వచ్చి గదిలో కూర్చుంటే పట్టిక కూడా నాతోపాటే కూర్చుంటుంది. ఆషాఢం దాటిపోతుంది, ముద్దుకృష్ణ గారు తాళంచెవి అడుగుతారు, నువ్వు నాకోసం కుప్పం వచ్చేస్తావు. ఆ రోజు ఒక్కసారి నిన్ను చూడటానికి వచ్చి ఉంటే ఇక ఎప్పటికీ నా దగ్గరే ఉండేదానివి. నాకది తెలుసు. తెలిసే అక్కడ నిలబడ్డాను. తర్వాత బండి కుప్పం వైపు తిప్పాను. పలమనేరు దాకా కళ్ళు తుడుచుకుంటూనే వచ్చాను.

సంతకాలు అయిపోయాయి. సెలూన్లకు, పార్లర్లకు, మాంసం అంగళ్ళకు ఇకపై ఆది, సోమ, బుధవారాలు. ఇరవై ఆరో తేదీ ఆదివారం నుంచి మూడు ఊళ్ళలోనూ అమలు. ఈశ్వరమ్మకు నేనే వెళ్ళి చెప్పాను. వాళ్ళాయన చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. నాకు తల మీద జుట్టు లేకపోయినా గడ్డం గీస్తానన్నాడు.

పైగది వద్దని ఇంటాయనకు చెప్పేశాను. నువ్వు మాట ఇచ్చావు, రోజులు మారాయి. అద్దాలు దుప్పట్లలోంచి తీసి గోడకు తగిలించు. ఈ ఉత్తరానికి ఊరగాయ పంపకపోయినా పర్వాలేదు, జవాబు పంపు.

నీ
ప్రదీప్


మదనపల్లె,
26 జూలై 2020, ఆదివారం

ప్రాణమైన మీకు,

మీ ఉత్తరం అత్తయ్యకు చదివి వినిపించాను, కళ్ళు తుడుచుకున్న చోటు కూడా. వినగానే ఆమె నా మీద కేకలేశారు, ఊరగాయ ఎందుకు పంపలేదని. నాకూ నా మీద కోపంగానే ఉంది. అలాంటి ఉత్తరం రాసినందుకు క్షమించండి. మిమ్మల్ని చూడాలన్న ఆశతోనే అలా రాశాను.

ఈ రోజు షట్టరు ఎత్తాను. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం కదా, ఆడవాళ్ళు మాస్కులతో మెట్ల దాకా నిలబడ్డారు. ఉజ్మాకు మంచినీళ్ళు తాగే తీరిక లేదు. మోసిన్ అంగడి ముందు సంచులు పట్టుకున్న మగవాళ్ళు వీధి మలుపు దాకా ఉన్నారు. ముద్దుకృష్ణ గారు వచ్చి, గది వంకా వరస వంకా చూసి, మందుల షాపు వాళ్ళకు వేరే చోటు చూపిస్తానని వెళ్ళిపోయారు. కాసేపటికి ఆయన భార్య వచ్చి వరసలో నిలబడింది.

ఇప్పుడు నా మాట వినండి. మీరు పట్టిక రాశారు గానీ, దాన్ని చదువుకోలేదు. బుధవారం సాయంత్రం నేను షట్టరు దించితే మళ్ళీ ఎత్తేది ఆదివారం పొద్దున. నడుమ గురువారం, శుక్రవారం, శనివారం ఉన్నాయి. రోజులు మారితే అంగడి నడుపుతానన్నాను, నడుపుతున్నాను. మారితే కుప్పం రానని ఎక్కడ అన్నాను? పైగది ఎందుకు వదులుకున్నారండీ?

అప్పుడు వచ్చి ఉంటే ఓడిపోయి వచ్చేదాన్ని. మీరు ఎంత ప్రేమగా చూసుకున్నా ఆ గదిలో ఏదో ఒక రోజు మిమ్మల్ని దెప్పేదాన్ని. ఇప్పుడు నడుస్తున్న అంగడికి తాళం వేసి, ఆ తాళంచెవి కొంగున కట్టుకుని వస్తాను. మా వీధిలో కర్రలు తీసేశారు, పరీక్ష కూడా చేయించుకున్నాను, ఏమీ లేదన్నారు. అయినా మీ కమిషనర్ గారిని ఒక మాట అడిగి ఉంచండి. అత్తయ్య ఈసారికి ఇక్కడే ఉంటారట. "మీరిద్దురూ ఆడ ఏమైనా పోట్లాడుకోండి, నన్ను మాత్రం నడిమిట్లోకి లాగొద్దు" అన్నారు, నవ్వుతూనే.

బుధవారం సాయంత్రం బస్సుకు బయల్దేరుతున్నాను. మీరు ఈ ఉత్తరం అందగానే వెళ్ళి ఆ గది మళ్ళీ అడగండి. ఇంకెవరికైనా ఇచ్చేసి ఉంటే ఏ గదైనా సరే.

ఒకటి మాత్రం ముందే చెబుతున్నాను, తర్వాత అలగొద్దు. గిరాకీ ఉన్న మంచి రోజులన్నీ నా అంగడికి ఇచ్చేశాను. ఈ ఊళ్ళో ఎవరికీ నా అవసరం లేని మూడు రోజులు మిగిలాయి. అవి మీకు.

మీ
అంబిక